తిరుగు దారి మేళం

అక్టోబరు 6, 1979. శనివారం

నా పెదవుల వాకిట కావలి పెట్టమని దావీదు ఊరికే వేడుకోలేదు. ఈ రోజు నా కావలివాడు నిద్రపోయాడు.

ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి నడిచి వస్తున్నాను. నల్లజాతివాళ్ళ పేట ట్రెమేలో ఒక మలుపు తిరిగేసరికి బ్యాండు. డ్రమ్ములు, బాకాలు, మనిషిని చుట్టుకున్న పెద్ద ఇత్తడి గొట్టం. వెనక వీధి నిండా జనం. పూసలు కుట్టిన గొడుగులెత్తి, జేబురుమాళ్ళు ఊపుతూ ముసలివాళ్ళు కూడా గంతులు. రేపల్లెలో పుట్టినవాడు దీన్ని చూసి ఏమనుకుంటాడు? పెళ్ళి ఊరేగింపు అనుకున్నాను. ముందు నడుస్తున్న తెల్ల టోపీ ఆవిడ దగ్గరికి పోయి, చేయి కలిపి, "కంగ్రాచ్యులేషన్స్ సిస్టర్, పెళ్ళికొడుకు ఎక్కడ?" అన్నాను.

ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా నవ్వింది.

"ఆయన లోపలికి వెళ్ళిపోయాడు నాయనా. మేమే బయట ఉండిపోయాం."

ఆవిడ చనిపోయినవాడి భార్య. ఆ జనం సమాధుల తోట నుంచి తిరిగి వస్తున్నారు.

కోరహును మింగినట్టు భూమి నన్నూ మింగితే బాగుండుననిపించింది. మింగలేదు, ఎందుకంటే నేను వినవలసింది ఇంకా ఉంది. బాకా పాటను తిన్నగా నడిపిస్తుంటే దాని పైనా కిందా చుట్టూ అల్లుకుంటూ, ఏడుస్తూనే నవ్వుతూ ఒక క్లార్నెట్. ఆ బరువు, ఆ చెక్క కమ్మదనం ఎక్కడున్నా గుర్తుపడతాను. మా నాన్నతో పాటే ఆ స్వరం మట్టిలో కలిసిపోయిందనుకున్నాను. ఊదుతున్నది ఒక నల్లజాతి ముసలాయన. తెల్ల చొక్కా, నల్ల టై, బ్యాండు టోపీ. కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు, అడుగు మాత్రం తప్పడం లేదు.

శవాన్ని పెట్టి వచ్చి నాట్యమా? ఖండించి తీరాలి. రేపటి ప్రసంగం దీని మీదే.

ఇంటికి వచ్చే దారంతా నా వేళ్ళు ప్యాంటు మీద కదులుతూనే ఉన్నాయి. అలసట.

అక్టోబరు 7

ఊరి శివారు మెటైరీలో అద్దె హాలు. మన ప్రార్థన సహవాసంలోని తెలుగు కుటుంబాలన్నీ వచ్చాయి. అగ్ని కురిపించాను. మా నాన్న కాలంలో మేళం సమాధి దాకా వాయించి, అక్కడ ఆగిపోయేది, తిరుగు దారిలో చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఆ మర్యాద ఈ దేశానికి లేదేమి? ఇది మాత్రం చెప్పలేదు. మా నాన్న మేళం ఊదేవాడని ఇక్కడెవరికీ తెలియదు. సంగీతం మాస్టారని తెలుసు. అబద్ధం ఏముంది? నాకు నేర్పాడు కదా.

సుందర్ రాజ్ గారు మెచ్చుకున్నారు. ఆయన ఆయిల్ కంపెనీలో ఇంజినీరు, సహవాసానికి పెద్ద, హాలు తాళంచెవి ఆయన దగ్గరే. "వచ్చే ఈస్టర్‌కి చర్చిగా రిజిస్టర్ చేయిస్తున్నాం బ్రదర్. మీ మీద చేతులుంచి పాస్టర్‌గా నిలబెడతాం" అన్నారు. ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కనివాణ్ణి. గొర్రెల్ని కాచుకుంటున్నవాణ్ణి పిలిచిన దేవుడు నన్ను మరచిపోలేదు. ఇకపై 'బ్రదర్' కాదు, 'అయ్యగారూ' అంటారు. ఒకసారి ఇక్కడ రాసి చూసుకుంటున్నాను. దేవకుమార్ అయ్యగారు.

కారులో నా భార్య విమల అంది: "మంచి ప్రసంగమే. కాని ఆ బ్యాండు ఎట్లా వాయించిందో చూపించడానికే సగం టైమ్ అయిపోయింది. చేతులతో కూడా చూపించారు. చూసుకున్నారా?"

అక్టోబరు 13

ముసలాయన ఇల్లు వెతికి పట్టుకున్నాను. కరపత్రం ఇవ్వడానికే.

పేరు ఏమోస్ అట. మన బైబిల్లో ఆమోసు. చూడు దేవుని వ్యంగ్యం. మీ వాద్యాల మోత నాకు వద్దు అని దేవుడు పలికించింది ఆ ప్రవక్త నోటనే కదా. వరండాలో నిలబడి ఆ మాటే ఆయన ముఖం మీద చెప్పాను.

"మా అమ్మ ఆ వచనంతో నన్ను రోజూ కొట్టేది" అన్నాడు. "కాని అక్కడ ఆపేది కాదు. కింది వచనం కూడా చదివేది. న్యాయం ఏరులాగా పారాలని ఉంది చూడు. అది లేనిచోట మోత వద్దన్నాడు. కూర్చో, నీకు గంబో పెడతాను."

ఇన్నేళ్ళలో నాకు ఎదురు వాక్యం చెప్పినవాడు ఒక్కడూ లేడు. కూర్చున్నాను. గంబో అంటే ఏమిటి, బెండకాయ వేసిన రొయ్యల పులుసు. అన్నం మీద పోసుకుని తింటుంటే ఆయన క్లార్నెట్ ఊదాడు. బల్ల మీద కదులుతున్న నా ఎడమ చేతి వేళ్ళ వైపు చూసి ఆపేశాడు.

"ఆ వేళ్ళు ఎక్కడివి నీకు?"

నేను చేయి ఒళ్ళోకి లాక్కున్నాను.

"బళ్ళలో ఇప్పుడు నేర్పే పద్ధతి కాదది. పాతది. ఈ ఊళ్ళో పిల్లలందరి దగ్గరా కొత్త క్లార్నెట్లే. చురుకైనవే, కాదనను. కాని ఈ మొద్దు గొంతు వాటికి రాదు. మా తాతల కాలపు ఊదుడు ఈ చెక్కలోనే ఉంది. నా ఉంగరపు వేలు ఇక వంగనంటోంది. తర్వాత ఎవరు?"

మన దేశంలో బ్యాండు మేళాలకు దొరలు వదిలిపోయిన పాత క్లార్నెట్లే గతి. అవి తప్ప వేరే పద్ధతి ఉందనే మాకు తెలియదు. మా పేదరికం నేర్పిన వేళ్ళు ఇక్కడ ఒక ముసలివాడు దీపం పెట్టి వెతుకుతున్న వేళ్ళా? దేవా, నువ్వు చేసే పనులకు అంతు లేదు.

కరపత్రం ఇవ్వడం మరచిపోయాను. మళ్ళీ వెళ్ళాలి.

అక్టోబరు 20

వెళ్ళాను. కరపత్రం ఇవ్వడానికే.

నవంబరు 3

ట్రంకు తెరిచాను. విమల పట్టుచీరల అడుగున నాన్న క్లార్నెట్. తుడిచి పెడదామని.

తుడిచాక ఊదకపోతే తెలియదు కదా, లోపల చెద ఏమైనా పట్టిందేమో.

విమల నర్సు యూనిఫారం వేసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏవండీ, ఇది వద్దే వద్దని అడుక్కి తోసింది మీరే."

"ఆమోసు గారి ఆత్మ రక్షణకి దారి దొరికింది విమలా."

"దారి బాగానే ఉంది. కాస్త మెల్లగా ఊదండి, పైనింటి వాళ్ళు రాత్రి డ్యూటీ చేసి పడుకున్నారు."

నవంబరు 24

ఆమోసు గారు నా క్లార్నెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ఇది సముద్రం దాటి ఇంటికొచ్చింది" అన్నాడు.

ఊదాను. మన పెళ్ళి మేళంలో లాగా పాటనెత్తుకుని గుక్క తిప్పుకోకుండా ఊదాను. ఊపిరి అందలేదు, అయినా వదల్లేదు. ఆయన చెవి మీద చేయి పెట్టుకున్నాడు.

"ప్రసంగిస్తున్నావు" అన్నాడు.

"అది నా పిలుపు."

"పాట నీది కాదు, బాకాది. బాకా దారి నడుస్తుంది. నువ్వు దాని పక్కన నడవాలి. అది ఊపిరి పీల్చుకున్నప్పుడు నువ్వు మాట్లాడు. అది మాట్లాడుతున్నప్పుడు నువ్వు విని, అవునను. పందిరి బాకా. తీగ నువ్వు."

కోపంతో వచ్చేశాను. నేను ఎవరి పక్కనో నడిచేవాణ్ణా? సింహాసనం ముందు కెరూబులు కూడా...

ఇక రాయను.

నవంబరు 25

ఆయన హెచ్చాలి, నేను తగ్గాలి అన్నాడు బాప్తిస్మమిచ్చే యోహాను. ఈ మాట మీద ఎన్నిసార్లు ప్రసంగించాను. ఒక్కసారి కూడా వినలేదు.

డిసెంబరు 15

పట్టు దొరికింది. ఈ రోజు ఆయన బాకా పాటను ఈలగా వేశాడు, నేను చుట్టూ అల్లాను. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ జారాలో ఎవరో నా వేళ్ళు పట్టి నడిపించినట్టుంది. నాన్న ఎప్పుడూ ఇలా ఊదలేదు. ఊదడానికి ఆయనకు చోటెవరిచ్చారు? అయినా స్వరం ఆయనదే. ఆనందం పట్టలేక వరండాలో లేచి నిలబడి కేక వేశాను. పక్కింటి కుక్క జవాబిచ్చింది.

"ఆమేన్ అంటోంది" అన్నాడు ఆమోసు గారు.

జనవరి 6, 1980

హాల్లో పెద్దావిడ ఒకరు విమలతో అన్నారట: "ఈ మధ్య బ్రదర్ ప్రసంగం పొట్టిదైంది. మధ్యలో ఆగి మన మొహాలు చూస్తున్నారు. ఒంట్లో బాగుందా?"

జనవరి 19

నడిచాను. మొదటిసారి. బ్యాండుతో, శవం వెనక, నాన్న క్లార్నెట్‌తో.

పోయేటప్పుడు ఎంత నెమ్మది. ఒక్కొక్క అడుగు నేల అనుమతి అడిగి వేస్తున్నట్టు. వాయించింది మనం హాల్లో పాడే పాటే. అదే దొరలు వాళ్ళకూ మనకూ ఇచ్చిపోయిన కీర్తన. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక, ఆమోసు గారు టోపీ గుండెల మీద నుంచి తీసి తలకు పెట్టుకుని, "ఇక విడిచిపెట్టండి" అన్నాడు. దేహాన్ని విడిచిపెట్టడం అంటారు దీన్ని. డ్రమ్ము మీది గుడ్డ తీసేశారు. అది ఉరిమింది. తిరుగు దారిలో మేళం మొదలైంది.

మా నాన్న మౌనంగా తిరిగి వచ్చిన దారులన్నీ గుర్తొచ్చాయి. తలలు వంచుకుని, చంకలో వాద్యాలు. ఆ అప్పు ఈ రోజు ఊదాను. గోనెపట్ట విప్పి సంతోషవస్త్రం కట్టడం అంటే ఏమిటో కీర్తనకారుడికి తెలుసు, ఈ జనానికి తెలుసు. నాకు ఈ రోజు తెలిసింది. నేను ఖండించింది దీన్నా?

వాక్యం చెప్పడానికే వెళ్ళాను.

జనవరి 27

వాక్యం చెప్పడానికే.

ఫిబ్రవరి 9

సుందర్ రాజ్ గారు ఇంటికి రమ్మన్నారు. ముందు గదిలో ఆయన, నేను. లోపలి గదిలో మంచం మీద ఆయన తల్లి నవోమమ్మ గారు. బాపట్ల నుంచి తెచ్చుకున్నారు. గుండె బలహీనం. విమల వచ్చి చూసి పోతూ ఉంటుంది.

"బ్రదర్, మా ఆఫీస్‌లో రాధాకృష్ణ గారు మిమ్మల్ని స్ట్రీట్‌లో చూశారట. ఏదో బ్యాండ్ పార్టీతో."

"అంత్యక్రియలండి. వాక్యం చెప్పడానికి మంచి అవకాశం."

"నోట్లో గొట్టం పెట్టుకుని ఏం వాక్యం చెప్పారు?"

చేతిలో ఉన్న బైబిలు తెరిచి, మళ్ళీ మూశాను. ఇలాంటిది నాకు అరుదు.

ఆయన గొంతు తగ్గించారు. "మనల్ని అక్కడ మేళంవాళ్ళని పిలిచి, పెళ్ళిలో అందరూ తిన్నాక పాక వెనక కూర్చోబెట్టి అన్నం పెట్టేవాళ్ళు. గుర్తుందా? ఇక్కడ మనం ఇంజినీర్లం, నర్సులం. ఎవడూ అడగడు. రేపు చర్చి ఓపెనింగ్‌కి పేపర్‌వాళ్ళు వస్తారు. పాస్టర్ ఫోటో వేస్తారు. అందులో ఏం కనిపించాలి?"

'మనల్ని' అన్నారు. ఆయన తాత డోలు వాయించి ఉంటాడని ఆ క్షణం వరకు నాకు తట్టలేదు.

లోపల్నుంచి కేక. "దేవకుమారూ. ఊరి నుంచి క్లార్నెట్ తెచ్చావంట్రా, విమల చెప్పింది."

"అమ్మా, నువ్వు పడుకో."

"నువ్వూరుకో సుందరం. ఇదిగో అబ్బాయ్, ఇట్టా రా. ఈ దేశంలో మనిషిని కారులో పెట్టి చప్పుడు లేకుండా పట్టుకుపోతారంటగా, దొంగసరుకు తోలినట్టు. నన్నట్టా పంపొద్దు. నా పెళ్ళికి మేళం పెట్టినోళ్ళు వీడి కన్నా పేదోళ్ళు. మేళంతో వచ్చాను, మేళంతోనే పోతాను. ఊదుతావా, ఊదవా?"

సుందర్ రాజ్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఆవిడ పాదాల వైపు చూస్తూ నిలబడ్డాను.

బయటికి వచ్చాక ఆయన అన్న మాట: "పీఠమా, పీపీయా. ఏదో ఒకటి బ్రదర్. ఈస్టర్ దాకా కమిటీ మిమ్మల్నే చూస్తుంది."

ఫిబ్రవరి 10

క్లార్నెట్ ట్రంకులో పెట్టేశాను. చీరల అడుగున. ప్రాణానికి శాంతిగా ఉంది.

ఫిబ్రవరి 16

శాంతిగా ఉంది.

ఫిబ్రవరి 20

శ్రమకాలానికి ముందు ఈ ఊరు చేసుకునే పండగ ముగిసింది. నిన్నంతా ఊరు ఊగిపోయింది, ఊరేగింపుల్లో విసిరిన పూసలు చెట్లకు ఇంకా వేలాడుతున్నాయి. ఆ అల్లరి మేళంలో నేను ఎలాగూ ఊదను, ఆమోసు గారికి ముందే చెప్పాను. నా పట్టుదల చూసి దేవుడు సంతోషించి ఉంటాడు. శాంతిగా ఉంది. అన్నం తింటుంటే విమల నా చేతి మీద చేయి వేసి ఆపింది. "ఏవండీ, కంచాన్ని వాయించకండి."

మార్చి 20

నవోమమ్మ గారు ఈ ఉదయం ప్రభువు నందు నిద్రించారు.

విమల దగ్గరుంది. ఆవిడ పెళ్ళినాటి తెల్ల పట్టుచీర ఆవిడకు తనే కట్టింది. మన క్రైస్తవ పెళ్ళికూతురికి తెలుపే కదా. ఆవిడ దాన్ని బాపట్ల నుంచి మడత పెట్టి ఇందుకే తెచ్చుకుందట. శనివారం సమాధి. సుందర్ రాజ్ గారు నాకు ఫోన్ చేసి, ఏడుపు ఆపుకుంటూ, "మెసేజ్ మీరే ఇవ్వాలి అయ్యగారూ" అన్నారు.

అయ్యగారూ అన్నారు.

ఎన్నేళ్ళుగా వినాలనుకున్న మాట. వినగానే నవోమమ్మ గారి గొంతు వినబడింది: ఊదుతావా, ఊదవా?

మార్చి 21

ఆమోసు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన వేలు వంగడం మానేసింది, కప్పు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాడు.

"ఆవిడ అడిగిందా?"

"అడిగింది."

"అయితే మేం వస్తాం. గేటు దగ్గర నిలబడతాం. ఆ కొడుకు పొమ్మంటే టోపీ తీసి దండం పెట్టి పోతాం. కాని క్లార్నెట్ లేకుండా వస్తాం. అది నువ్వు తేల్చుకో."

ఇంటికి వచ్చి ప్రసంగం రాయడానికి కూర్చున్నాను. కాగితం తెల్లగా ఉంది. విమల ట్రంకు ఈడ్చుకొచ్చి నా ఎదుట పెట్టింది.

"అయ్యగారు అనిపించుకోవాలని మీకెంత ఉందో నాకు తెలుసు. నన్ను కూడా అమ్మగారూ అంటారు, నాకూ ఆశే. కాని నేను వార్డులో రోజూ చూస్తున్నానండీ. పోయేవాళ్ళు అడిగేది చాలా చిన్నది. ఉన్నవాళ్ళకే అది పెద్దగా కనిపిస్తుంది."

తను మూత తెరవలేదు. నేనే తెరిచాను.

మార్చి 23. ఆదివారం

ముందు చేదు రాసేస్తాను. ఈస్టర్‌కి నా తల మీద ఎవరి చేతులూ ఉండవు. ఈ ఉదయం కమిటీ తేల్చింది. వీధి మేళగాడు పాస్టర్‌గా పనికిరాడట, బైబిలు కాలేజీలో చదివిన మనిషిని వెతుకుతారట. నా పక్షాన ఒక్క చేయి లేచిందట. ఎవరిదో ఫోన్ చేసినవాళ్ళు చెప్పలేదు.

అయిపోయింది. ఇప్పుడు తేనె.

కెనాల్ స్ట్రీట్ చివర సమాధుల తోట. మన ఆడవాళ్ళందరూ తెల్ల చీరల్లో. గేటు దగ్గర బ్యాండు, నల్ల కోట్లు, గుండెల మీద టోపీలు. వాళ్ళ ముందు ఆమోసు గారు, చేతిలో మూసిన గొడుగు. సుందర్ రాజ్ గారు కారు దిగి వాళ్ళను చూశారు, నన్ను చూశారు, నా చంకలోని పెట్టెను చూశారు. ముఖం రాయి అయింది.

"ముందు వాక్యం చెప్పండి" అన్నారు. 'అయ్యగారూ' అనలేదు.

చెప్పాను. ఇంత పొట్టి ప్రసంగం నా జన్మలో చేయలేదు. "మా నాన్న రేపల్లెలో మేళం క్లార్నెట్ ఊదేవాడు" అని మొదలుపెట్టాను. ఎవరో దగ్గారు. తర్వాత నేను ఈ ఊళ్ళో చేసిన పొరపాటు చెప్పాను, ఏడుస్తున్న విధవరాలిని పట్టుకుని పెళ్ళికొడుకు ఎక్కడని అడగడం. ఆడవాళ్ళు ముఖాలకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, నవ్వుకో ఏడుపుకో తెలియదు. ఆవిడ చెప్పిన జవాబు చెప్పాను. సువార్త ఉపమానంలో దీపాలు సిద్ధం చేసుకున్న కన్యకలు పెళ్ళికొడుకుతో లోపలికి వెళ్ళారు, తలుపు వేశారు. నవోమమ్మ గారు చీర కూడా సిద్ధం చేసుకుని వెళ్ళారు. నేను ఇంతకాలం మూసిన తలుపు మీదే ప్రసంగించాను. లోపల జరుగుతున్నది పెళ్ళి అని మరచిపోయాను. ఆవిడ నన్నొకటి అడిగారు. జవాబివ్వకుండానే వెళ్ళనిచ్చాను. ఇప్పుడిస్తున్నాను.

అని పెట్టె తెరిచాను.

ఎవరూ కదల్లేదు. ఎండిపోయిన క్లార్నెట్ రీడును నాలుకతో తడిపాను. మన కీర్తన నెమ్మదిగా ఎత్తుకున్నాను, ఒంటరిగా. గేటు దగ్గర నుంచి బాకా అందుకుంది. పాట దానికి వదిలేసి నేను పక్కకు జరిగాను. డ్రమ్ము గుడ్డ కప్పుకుని మెల్లగా నడిచి వచ్చింది. శవపేటిక వెనక సమాధి దాకా నడిచాం. సుందర్ రాజ్ గారు తల ఎత్తలేదు. కాని ఆయన కాళ్ళు చూశాను. డ్రమ్ము దెబ్బకూ ఆయన అడుగుకూ వెంట్రుకవాసి తేడా లేదు. అది ఎవరూ నేర్పేది కాదు. తాత నుంచి రావాలి.

ప్రార్థన అయింది. ఆమోసు గారు సుందర్ రాజ్ గారి వైపు తిరిగి అనుమతి కోసం ఆగాడు. ఆ నిశ్శబ్దంలో నా ఈస్టరంతా కరిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. సుందర్ రాజ్ గారు తల్లి పేటిక మీద అరచేయి ఆన్చారు. తర్వాత తల ఊపారు.

"విడిచిపెట్టండి" అన్నాడు ఆమోసు గారు. గొడుగు విచ్చుకుంది.

తిరుగు దారిలో నేను ఏం ఊదానో నాకు తెలియదు. ఎక్కాను, జారాను, అల్లుకున్నాను, బాకా ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా నవోమమ్మ గారితో మాట్లాడాను. మన ఆడవాళ్ళు మొదట సిగ్గుపడ్డారు. తర్వాత విమల చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు.

గేటు బయట బస్ స్టాప్ దగ్గర ఒక తెల్లావిడ, మెడలో కెమెరా, వేరే రాష్ట్రం నుంచి చూడ్డానికి వచ్చినట్టుంది. తెల్ల చీరలు, గొడుగు, మేళం చూసి ముఖం విప్పారింది. నా పక్కకు పరుగున వచ్చి, "ఎంత బాగుంది. పెళ్ళికూతురు ఎక్కడ?" అంది.

జీవితంలో మొదటిసారి నా దగ్గర వాక్యం ఉంది, నోరు ఖాళీ లేదు.

పక్కన సుందర్ రాజ్ గారు నడుస్తున్నారు. టై వదులైంది. ఏడ్చి ఏడ్చి తడిసిన తెల్ల రుమాలు పిడికిట్లో ఉంది. ఆయన ఆగి ఆవిడకు జవాబిచ్చారు.

"లోపలికి వెళ్ళిపోయింది మేడమ్. మేమే బయట ఉండిపోయాం."

అని, ఆ తడి రుమాలును తలకు పైగా ఎత్తి ఊపారు.